‘ఖచ్చితంగా తొలగించాలా?’ అని అడిగినా ఎంట్రీలు ఎందుకు పోతున్నాయి

ప్రశ్న క్లుప్తంగా ఇది. మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లుకు వడ్ల లారీల ఎంట్రీ యాప్ చేసిచ్చారు. గేటు దగ్గర ఆండ్రాయిడ్ ట్యాబ్, కాంటా గదిలోనూ ల్యాబ్‌లోనూ కంప్యూటర్లు, అన్నిటికీ ఒకే సర్వర్. సీజన్‌లో మూడు ఫిర్యాదులు వచ్చాయి. డిలీట్ నొక్కితే ‘ఖచ్చితంగా తొలగించాలా?’ అని అడుగుతున్నా మంచి ఎంట్రీలు పోతున్నాయి. ఫారం నింపుతుండగా ఫోన్ వస్తే, మాట్లాడి తిరిగొచ్చేసరికి అంతా ఖాళీ. ల్యాబ్ వాళ్లు కొట్టిన తేమ శాతం అప్పుడప్పుడు మాయమవుతోంది. అలా అడిగే డబ్బా ఇంకోటి పెట్టి, దాని మీద ఓనర్ పాస్‌వర్డ్ కూడా పెడితే ఆగుతుందా అని అడిగారు.

ఆగదు. ఆ డబ్బా ఉన్నదే పనిచేయడం లేదు, రెండోది పెట్టినా అంతే. ఆపరేటర్ పొరపాటు చేయకుండా ఆపడం మీ చేతిలో లేదు. చేసిన పొరపాటును వెనక్కి తిప్పుకునేలా చేయడం మీ చేతిలోనే ఉంది. పైగా మీ మూడు ఫిర్యాదుల్లో రెండింటికి డిలీట్ బటన్‌తో సంబంధమే లేదు.

ముందు డబ్బా సంగతి. డిజైన్ పరిశోధకుడు డొనాల్డ్ నార్మన్ 1983లోనే మనుషుల పొరపాట్లను రెండుగా విడదీసి, వాటిని బట్టి డిజైన్ నియమాలు రాశాడు. ఆలోచనే తప్పడం ఒక రకం, ఆలోచన సరిగ్గానే ఉండి చేయి తప్పడం ఇంకో రకం. మీ గేటు దగ్గర జరుగుతున్నది రెండోది. ఆపరేటర్ తీసేయాలనుకున్నది రెండుసార్లు పడిన ఎంట్రీని, వేలు పడింది దాని కిందిదాని మీద. అప్పుడు మీ డబ్బా ‘ఖచ్చితంగా?’ అని అడుగుతుంది. అతనికి అనుమానమే లేదు, అందుకే అవునంటాడు. ఏ లారీయో డబ్బాలో రాసి ఉండదు, కింద ఉన్న వరుసను ఆ డబ్బానే కప్పేస్తుంది. రోజంతా ఇదే ప్రశ్న వచ్చేచోట ‘అవును’ అనేది డిలీట్‌లో రెండో నొక్కుడుగా మారిపోతుంది. చేయి దానంతటదే పోతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. కాంటా ఇండికేటర్ గానీ బార్‌కోడ్ స్కానర్ గానీ కీబోర్డులా కంప్యూటర్‌కు కలిపి ఉంటే, అంకెలు పంపాక చివర సాధారణంగా ఎంటర్ కూడా పంపుతుంది. ఆ క్షణంలో డబ్బా తెరిచి ఉండి, ‘అవును’ మీద ఫోకస్ ఉంటే, మనిషి ముట్టకుండానే ఎంట్రీ పోతుంది. డబ్బా ఎక్కడైనా తప్పదనుకుంటే ఫోకస్ ఎప్పుడూ నష్టం లేని బటన్ మీదే ఉండాలి.

ఇప్పుడు చేయాల్సింది. డిలీట్ అనే పనే తీసేయండి, ‘రద్దు’ పెట్టండి. తక్‌పట్టీ (తూకం చీటీ) పుస్తకంలో తప్పు పడితే కాగితం ఎవరూ చింపరు. గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, కొత్త నంబరు మీద మళ్లీ రాస్తారు. మిల్లులో లెక్క చూసే ప్రతి మనిషికీ ఈ పద్ధతి తెలుసు, కాబట్టి కొత్తగా నేర్పేదేం లేదు. టేబుల్‌లో నాలుగు కాలమ్‌లు చేర్చండి: రద్దయిందా, ఎప్పుడు, ఎవరు, ఎందుకు. కారణం టైపు చేయమనొద్దు, చుక్క పెట్టి వదిలేస్తారు. ‘రెండుసార్లు పడింది’, ‘లారీ నంబరు తప్పు’, ‘లారీ తిరిగి పంపారు’, ‘ఇతరం’ అని నాలుగు బటన్లు చాలు. రద్దయిన వరుస జాబితాలో బూడిదరంగులో, అడ్డగీతతో అక్కడే ఉండాలి. దాని పక్కనే ‘తిరిగి పెట్టు’.

స్క్రీన్ కింద అయిదు సెకన్లు కనిపించి మాయమయ్యే ‘వెనక్కి తీసుకో’ పట్టీ మీకు సరిపోదు. జీమెయిల్‌లో పంపిన మెయిల్ ఆపడానికి 5, 10, 20, 30 సెకన్ల గడువే ఇస్తారు. దానికి కారణముంది, గడువు దాటితే మెయిల్ అవతలి మనిషికి చేరిపోతుంది. మీ దగ్గర బయటికి వెళ్లేదేం లేదు. హమాలీతో మాట్లాడి వచ్చి రెండు గంటల తర్వాత చూసుకున్నా తిరిగి పెట్టుకోగలగాలి. పట్టీ పెట్టండి, అది మంచిదే, కానీ అదొక్కటే దారి కాకూడదు.

రద్దు పద్ధతిలో దెబ్బతినే చోట్లు మూడున్నాయి. మొదటిది యూనిక్ ఇండెక్స్, అంటే అవే వివరాలు రెండోసారి పడకుండా డేటాబేస్‌లో పెట్టే నియమం. లారీ నంబరు, తేదీ, ట్రిప్పు కలిపి యూనిక్ పెట్టి ఉంటారు. రద్దు చేసి మళ్లీ అదే లారీ కొడితే ‘ఇప్పటికే ఉంది’ అని ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఆపరేటర్ లారీ నంబరు చివర ఒక చుక్కో, సున్నానో తగిలించి సేవ్ చేస్తాడు. అదింకో లొల్లి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు రెండింట్లోనూ షరతుతో కూడిన ఇండెక్స్ పెట్టొచ్చు, రద్దు కాని వరుసలకే యూనిక్ వర్తించేలా. రెండోది రిపోర్టులు. ఏదో ఒక రిపోర్టులో రద్దయినవి వడపోయడం మరిచిపోతారు, బస్తాల లెక్క పెరిగిపోతుంది. రద్దు కాని వరుసలతో ఒక వ్యూ (ముందే వడపోసిన జాబితా) చేసి, రిపోర్టులన్నీ దాన్నే చదవాలని నియమం పెట్టండి. మూడోది క్యాస్కేడ్. రైతు పేరు రెండుసార్లు పడిందని ఒకటి తీసేస్తే, ఆ రైతు కింద ఉన్న తూకాలన్నీ పోయే అమరిక చాలా ఫ్రేమ్‌వర్కుల్లో ఒక్క మాటతో వచ్చేస్తుంది. రైతుల జాబితా లాంటి మాస్టర్ టేబుళ్లకు ‘రెస్ట్రిక్ట్’ పెట్టండి, కింద తూకాలుంటే పేరు తీయనివ్వదు. జంట పేర్లకు తీసివేత కాదు, కలపడం ఇవ్వండి. తక్‌పట్టీ నంబరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రెండోసారి వాడొద్దు. రద్దయిన వరుసల్ని ఎప్పుడు నిజంగా తుడవాలంటే, ఆ సీజన్ సీఎంఆర్ (ప్రభుత్వ వడ్లు మరపట్టి బియ్యం అప్పగించే) లెక్క ముగిశాకే.

నిజంగా వెనక్కి రాని పని ఏదైనా ఉంటే, ఉదాహరణకు పాత సీజన్ మొత్తాన్ని ఖాళీ చేయడం, అక్కడ డబ్బా పెట్టండి. ఆ డబ్బాలో ప్రశ్న కాదు, సమాచారం ఉండాలి: ఏ సీజన్, ఎన్ని లారీలు, ఎన్ని క్వింటాళ్లు. బటన్ల మీద ‘అవును, కాదు’ వద్దు, జరగబోయే పని రాయండి: ‘2023 యాసంగి తుడిచెయ్యి’, ‘వద్దు, ఉండనియ్యి’. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో రిపాజిటరీ (ఒక ప్రాజెక్టు ఫైళ్ల మొత్తం) తీసేయాలంటే దాని పేరు టైపు చేయమంటారు కదా, అది ఇలాంటి చోటుకే. రోజూ చేసే పనికి అదే పెడితే అక్కడ కూడా కాపీ, పేస్ట్ అలవాటైపోతుంది.

వేలు పక్క వరుస మీద ఎందుకు పడుతోందో కూడా చూడాలి. మీరు పంపిన స్క్రీన్‌లో ప్రతి వరుస చివర పెన్సిల్, చెత్తబుట్ట పక్కపక్కనే ఉన్నాయి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం నొక్కే చోటు కనీసం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. మీవి చూడటానికి అందులో సగమే. దుమ్ము పట్టిన స్క్రీన్, చెమట చెయ్యి, ఇంకేం కావాలి. చెత్తబుట్టను జాబితాలోంచి తీసి, ఎంట్రీ తెరిచాక లోపల, అన్నిటికంటే కింద పెట్టండి. పక్కకు జరిపితే డిలీట్ అయ్యే ఏర్పాటు వద్దే వద్దు. స్క్రోల్ చేయబోయి జరిపేస్తారు.

అంతకన్నా పెద్ద కారణం జాబితా కదలడం. టీఎస్ 05 లారీ ఒకటి నాలుగో వరుసలో ఉంది, ఆపరేటర్ వేలు దాని మీదికి వస్తోంది. సరిగ్గా అప్పుడే కాంటా గదిలో కొత్త లారీ సేవ్ అయి, సింక్‌లో పైన చేరింది. వరుసలన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. వేలు పడేసరికి అక్కడున్నది వేరే లారీ. ఇది అతని తప్పెట్లా అవుతుంది? కొత్తవి వచ్చినప్పుడు వాటిని జాబితాలోకి తోయకుండా, పైన ‘కొత్తవి 3 వచ్చాయి’ అని ఒక పట్టీ చూపండి. దాన్ని నొక్కినప్పుడే జాబితా మారాలి. కోడ్‌లో కూడా డిలీట్‌కు వరుస స్థానం ఇస్తున్నారా, ఎంట్రీ ఐడీ ఇస్తున్నారా చూడండి. స్థానం ఇస్తుంటే, డబ్బా తెరిచి ఉన్న రెండు సెకన్లలో సింక్ జరిగినా వేరేది పోతుంది.

రెండో ఫిర్యాదు, ఫోన్ రాగానే ఫారం ఖాళీ అవడం. మెమరీ తక్కువ ఉన్న ట్యాబ్‌లో యాప్ వెనక్కి పోగానే ఆండ్రాయిడ్ దాన్ని చంపేయొచ్చు. మీరు ఫారం వివరాలను వ్యూమోడల్‌లో, అంటే యాప్ మెమరీలో పెట్టామన్నారు. అది స్క్రీన్ తిప్పితే నిలుస్తుంది, ప్రాసెస్ చస్తే నిలవదు. ఆండ్రాయిడ్ దాచిపెట్టే సేవ్డ్ స్టేట్ బండిల్ నిలుస్తుంది కానీ అది చిన్నచిన్న వివరాలకే, ఫొటోలు దాంట్లో పెడితే యాపే పడిపోతుంది. సరైన చోటు డేటాబేస్. ఆండ్రాయిడ్ డేటాబేస్ లైబ్రరీ రూమ్‌లో ‘చిత్తు ఎంట్రీలు’ అని ఒక టేబుల్ పెట్టి, ఒక గడి నుంచి ఇంకో గడికి పోయినప్పుడల్లా, టైపింగ్ ఆగిన అర సెకను నుంచి సెకను లోపు, ఇంకా యాప్ తెర మీంచి పోయేటప్పుడు నడిచే ఆన్‌స్టాప్‌లో ఒకసారి రాయండి. పరీక్షించడం తేలిక. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘యాక్టివిటీలను ఉంచవద్దు’ అనేది ఆన్ చేసి, ఫారం సగం నింపి, హోమ్ నొక్కి, తిరిగి రండి. దాంతోపాటు యాప్‌ను వెనక్కి పంపి ఏడీబీ (కంప్యూటర్ నుంచి ట్యాబ్‌కు ఆదేశాలిచ్చే సాధనం) నుంచి ప్రాసెస్‌ను చంపి కూడా చూడండి, రెండూ ఒకటి కావు.

బ్రౌజర్ వైపు ‘పేజీ వదిలి వెళ్తున్నారా?’ అనే బిఫోర్‌అన్‌లోడ్ హెచ్చరిక మీద ఆధారపడొద్దు. అందులో మీ సొంత మాటలు 2016 నుంచి క్రోమ్ చూపించడం లేదు, ఫోన్లలో అది వస్తుందన్న నమ్మకమూ లేదు. పేజీ కనుమరుగైనప్పుడు వచ్చే విజిబిలిటీచేంజ్ ఈవెంట్‌లో రాసుకోవడం ఖాయమైన దారి. చిత్తులు బ్రౌజర్ లోపలి డేటాబేస్ ఇండెక్స్‌డ్‌డీబీలో పెట్టి, స్టోరేజీని నిలిపి ఉంచమని బ్రౌజర్‌ను అడగండి. ఎవరైనా ఐప్యాడ్ వాడుతుంటే, సఫారీ వాడుతూ మీ సైటును మాత్రం 7 రోజులు ముట్టకపోతే అక్కడి స్టోరేజీ తుడిచేస్తుందని గుర్తుపెట్టుకోండి.

చిత్తు దాచడం సగం పని, చూపించడం ఇంకో సగం. ‘చిత్తు’ అని ఒకే పేరుతో దాస్తే రెండో బ్రౌజర్ ట్యాబ్‌లో తెరిచిన ఫారం మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఎంట్రీకో ఐడీ ఉండాలి. తిరిగి వచ్చినప్పుడు ‘రాత్రి 11:40కి మొదలుపెట్టిన ఎంట్రీ, లారీ చివరి అంకెలు 4417, స్థూల బరువు 28,460 కిలోలు, ఖాళీ బరువు ఇంకా లేదు’ అని చూపి, కొనసాగించాలా పక్కన పెట్టాలా అడగండి. దానంతటదే సేవ్ కాకూడదు. లారీ ఖాళీ అయి 10,180 దగ్గర తూగాకే 18,280 కిలోలు, అంటే 40 కిలోల లెక్కన 457 బస్తాలని తేలుతుంది. అప్పటిదాకా అది చిత్తే.

‘సేవ్ అయింది’ అనే మాటతో జాగ్రత్త. ట్యాబ్‌లో ఉండటం వేరు, సర్వర్‌కు చేరడం వేరు. రెండింటికీ ఒకే పచ్చటి టిక్కు చూపిస్తే, నెట్ లేని రోజు సాయంత్రం ట్యాబ్ రీసెట్ చేసిన మనిషి రోజంతా కొట్టినవి పోగొడతాడు. ‘ట్యాబ్‌లో ఉంది, ఇంకా పంపాల్సినవి 12’ అని ఎప్పుడూ కనిపించే చోట రాయండి, లాగవుట్ నొక్కితే ఆ అంకె సున్నా అయ్యేదాకా ఆపండి. సర్వర్ నుంచి జవాబు రాకముందే ఫారం ఖాళీ చేయొద్దు. లాగిన్ గడువు ముగిసినప్పుడు లాగిన్ పేజీకి తోసేసే అలవాటు చాలా యాప్‌లలో ఉంది, నింపిన ఫారం అక్కడే గాల్లో కలుస్తుంది. లాగిన్‌ను ఫారం మీదే తెరిచి, అయ్యాక అదే ఫారాన్ని మళ్లీ పంపండి.

ఇక్కడే మీ మొదటి ఫిర్యాదుకు మూలం కూడా ఉంది. ఎంట్రీ సర్వర్‌లో పడింది, జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది, ఆపరేటర్ మళ్లీ సేవ్ నొక్కాడు. రెండు ఎంట్రీలు అయ్యాయి. ఒకటి తీసేయబోయి మంచిదాన్ని, కొన్నిసార్లు రెండింటినీ తీసేశాడు. ఫారం తెరిచిన క్షణమే ట్యాబ్‌లో ఒక యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తు) పుట్టించి దాంతోపాటే పంపండి. అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ కొత్త వరుస చేయకుండా, పాతదాన్నే జవాబుగా ఇవ్వాలి. డిలీట్ నొక్కాల్సిన అవసరమే చాలావరకు పోతుంది.

మూడోది, తేమ శాతం. కొనుగోలు నిబంధనల్లో తేమ హద్దు 17 శాతం. ఆ అంకె పోయిందంటే తరుగు దగ్గర గొడవే. జరిగేది ఇది: 9:10కి గేటు ఆపరేటర్ ఎంట్రీ తెరిచి ఉంచాడు. 9:14కి ల్యాబ్ నుంచి 16.4 పడింది. 9:20కి గేటు ఆపరేటర్ డ్రైవర్ ఫోన్ నంబరు దిద్ది సేవ్ నొక్కాడు. మీ యాప్ ఫారం మొత్తాన్ని పంపుతుంది, అందులో తేమ గడి అతను తెరిచినప్పటిలాగే ఖాళీ. ఎర్రర్ ఏమీ రాదు, 16.4 చెరిగిపోయింది. మొదటి మందు, మారిన గడులే పంపడం. రెండోది, ప్రతి వరుసకూ ఒక వెర్షన్ అంకె. తెరిచినప్పుడు 7 ఉండి, సేవ్ చేసేటప్పటికి సర్వర్‌లో 8 అయి ఉంటే 409 (మార్పులు ఢీకొన్నాయనే ఎర్రర్ కోడ్) ఇచ్చి, రెండు విలువలూ పక్కపక్కన చూపండి. ‘ఎవరో మార్చారు, మళ్లీ ప్రయత్నించండి’ అని చెప్పి అతను కొట్టిందంతా ఊడ్చేయొద్దు, అది ఇంకో రకం డేటా నష్టం. నా సలహా అయితే ఇంకో అడుగు ముందుకు: తూకం, తేమ, డ్రైవర్ వివరాలు వేరువేరు టేబుళ్లలో పెట్టండి. వాటిని కొట్టే మనుషులే వేరు, కాబట్టి ఢీకొట్టే అవకాశమే తగ్గుతుంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఎక్సెల్ గురించి. రైతుల జాబితా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) దింపి, దిద్ది, మళ్లీ ఎక్కించే ఏర్పాటు ఉందన్నారు. అక్కడ పోయేది ఎవరికీ కనిపించదు. సర్వే నంబరు 12/3 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది, సేవ్ చేశాక అసలు నంబరు ఉండదు. 45/అ లాంటివి బతుకుతాయి, అందుకే సమస్య సగం వరుసల్లోనే ఉండి ఎవరూ పట్టుకోలేరు. బ్యాంకు ఖాతా నంబరు 15 అంకెలు దాటితే ఆపైవి సున్నాలవుతాయి, ముందున్న సున్నాలు రాలిపోతాయి. 12 అంకెల ఆధార్ నంబరు 1.23ఈ+11 తరహాలో కనిపించి, సీఎస్‌వీగా సేవ్ చేస్తే అలాగే రాసుకుంటుంది. జన్యువుల పేర్లకు కూడా ఇదే గతి పట్టి, 2020లో శాస్త్రవేత్తలు కొన్ని పేర్లనే మార్చుకున్నారు. వీటిలో కొన్ని మార్పిడులను ఆపుకునే సెట్టింగు ఎక్సెల్‌లో 2023లో గానీ రాలేదు. సీఎస్‌వీ బదులు ఎక్సెల్ ఫైలే ఇచ్చి, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా ఫార్మాట్ చేయండి. ఎక్కించేటప్పుడు ఏకంగా రాయకుండా ‘మారేవి 14, కొత్తవి 2, ఖాళీ అయ్యేవి 9’ అని ముందు చూపండి. ఖాళీ అయ్యేవి ఎర్రగా ఉండాలి. ప్రతి ఎక్కింపుకు ఒక బ్యాచ్ నంబరు, అసలు ఫైలు దాచడం, మొత్తం బ్యాచ్‌ను ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పడం, ఇవి తప్పనిసరి.

తెలుగు పేర్లకూ ఇలాంటి గండమే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాలమ్ అయితే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటినుంచి పేరు తిరిగి రాదు. అన్ని లిపులూ పట్టే ఎన్‌వార్‌చార్ వాడాలి. పొడవు బైట్లలో కొలిచే చోట ‘వెంకటరెడ్డి’ 33 బైట్లు. 30 పెట్టిన కాలమ్‌లో డేటాబేస్ ఎర్రర్ ఇస్తే నయం, మీ కోడే ముందుగా కోసి పంపితే ‘డ్డి’ సగంలో తెగుతుంది.

బరువు గడికి నంబర్ రకం ఇన్‌పుట్ పెట్టకండి. కొన్ని బ్రౌజర్లలో గడి మీద ఫోకస్ ఉండగా మౌస్ చక్రం తిప్పితే అంకె మారిపోతుంది. 28,460 కాస్తా 28,457 అవుతుంది, ఎవరూ గమనించరు. టెక్స్ట్ రకం పెట్టి అంకెల కీబోర్డు వచ్చేలా చేయండి.

సర్వర్ వైపు రెండు మాటలు. డిలీట్, రద్దు లాంటి పనులు మామూలు లింకులుగా ఉండకూడదు, పోస్ట్‌గానే (మార్పు చేయమని సర్వర్‌ను అడిగే రకం అభ్యర్థనగానే) ఉండాలి. 2005లో పేజీలు వేగంగా తెరవడానికి వచ్చిన గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ పేజీలో ఉన్న లింకులన్నీ ముందే తెచ్చిపెట్టుకోబోయి, కొన్ని సైట్లలో డిలీట్ లింకులను కూడా తెరిచేసింది. ఇక ట్యాబ్‌లో ఎస్‌క్యూలైట్ డబ్ల్యూఏఎల్ (మార్పులను ముందు వేరే ఫైలులో రాసుకునే) పద్ధతిలో నడుస్తుంటే, బ్యాకప్ పేరిట డీబీ ఫైలు ఒక్కటే కాపీ చేయడం పనికిరాదు. చివరి ఎంట్రీలు పక్కనున్న వాల్ ఫైలులో ఉంటాయి. బ్యాకప్ ఏపీఐ గానీ ‘వాక్యూమ్ ఇంటూ’ గానీ వాడండి.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, తిరిగి తెచ్చుకోగలగడం వేరు. 2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెండో సర్వర్ అనుకొని అసలు సర్వర్ డేటాబేస్ డైరెక్టరీ తుడిచాడు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ డంప్ (డేటాబేస్ పూర్తి నకలు) చాలాకాలంగా వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు తిరస్కరణకు గురవుతున్నాయి. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి ఆ ఆరు గంటల డేటాతో పోయింది. నెలకోసారి బ్యాకప్‌ను ఖాళీ మెషీన్ మీద ఎక్కించి, నిన్నటి మొత్తం క్వింటాళ్లు అసలుదానితో సరిపోతున్నాయా చూడండి. టెస్టింగ్ సర్వర్‌కు తెరపైన వెడల్పాటి నారింజ పట్టీ పెట్టండి, లైవ్‌కు ఏమీ వద్దు.

చివరగా ఓనర్ పాస్‌వర్డ్. ఓనర్ సీజన్‌లో గేటు దగ్గర ఉండడు. వారం తిరక్కుండా ఆ పాస్‌వర్డ్ కాంటా గది గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంటుంది, తర్వాత అది తాళమూ కాదు, ఆధారమూ కాదు. ఆయనకు కావాల్సింది అనుమతి ఇచ్చే పని కాదు, ఏం జరిగిందో తెలియడం. రోజూ రాత్రి 9కి ఆ రోజు రద్దయిన ఎంట్రీల జాబితా ఆయన ఫోన్‌కు పంపండి: తక్‌పట్టీ నంబరు, లారీ, బస్తాలు, ఎవరు, కారణం. రద్దులేమీ లేని రోజు కూడా ‘ఈరోజు రద్దులు 0’ అని పోవాలి. లేకపోతే జాబితా రాని రోజు రద్దులు లేవో, పంపడమే ఆగిందో ఆయనకు తెలియదు.